‘మా కుక్క ఇంతకు ముందెప్పుడూ కరవలేదు’ అంటే సరిపోతుందా? కాటు పడ్డాక యజమాని బాధ్యత

మీరు రాసింది ఇదీ. మూడేళ్ళుగా పెంచుకుంటున్న కుక్క, ఇంతవరకు ఎవర్నీ కరవలేదు. మొన్న పార్సిల్ తెచ్చిన అబ్బాయి గేటు తీసుకుని లోపలికి వస్తే పిక్క పట్టుకుంది, రెండుచోట్ల పళ్ళు దిగాయి. అప్పుడు పెద్దవాళ్ళెవరూ ఇంట్లో లేరు, కుక్కని చూసుకుంటున్నది మీ పదమూడేళ్ళ బాబు. గేటుకి ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని బోర్డు ఉంది. దగ్గరవాళ్ళేమో కొన్నాళ్ళపాటు కుక్కని వేరేచోటికి పంపేయమంటున్నారు. చట్టప్రకారం తప్పు మాదేనా, జైలుకి వెళ్ళాల్సి వస్తుందా అని అడిగారు.

నాన్చకుండా చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే బాధ్యత మీదే, అది ఏ దేశమైనా సరే చాలావరకు మీదే. జైలు అనేది మాత్రం మీ పరిస్థితిలో దూరపు మాట. నేను ఇన్నేళ్ళలో కుక్క యజమానుల తరఫునా వాదించాను, కాటు పడ్డవాళ్ళ తరఫునా వాదించాను. రెండువైపులా చూశాక నాకు గట్టిగా అనిపించేది ఒకటే. చట్టం అడిగేది కుక్క మంచిదా చెడ్డదా అని కాదు, ఆ సమయంలో దాన్ని ఆపగలిగిన మనిషి ఎవరు, ఎందుకు ఆపలేదు అని. యజమానులు ఆ తేడా పట్టించుకోకుండా ‘మా వాడు చాలా సాధువండి’ అంటూ గంటసేపు కుక్క గుణగణాలు చెబుతారు. మీ బాధ అర్థమవుతుంది, ఇంట్లో మనిషిలా పెంచుకున్నదాని మీద ఫిర్యాదు వస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కానీ కోర్టులో ఆ మాటకి మీరు అనుకున్నంత బరువు లేదు.

చట్టం సంగతికి ముందు గాయం సంగతి. ఆ అబ్బాయి గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగారా? కడగకపోతే ఇప్పుడైనా కడగమనండి. రేబీస్ టీకా మొదటి డోసు పడిందో లేదో కనుక్కోండి. పళ్ళు దిగి రక్తం వచ్చిన గాయానికి టీకా ఒక్కటే చాలదు, గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబీస్ వైరస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి, అది ఇచ్చారా అని ప్రత్యేకంగా అడగండి. మీ కుక్కకి ఏటా టీకాలు వేయించి ఉండొచ్చు, ఆ కార్డు ఫొటో తీసి ఆ అబ్బాయికీ, అతన్ని చూస్తున్న డాక్టరుకీ ఇవ్వండి, కానీ ‘మా కుక్కకి టీకా వేయించాం కాబట్టి నీకు అక్కర్లేదు’ అని మాత్రం మీ నోటితో అనకండి. అది డాక్టరు చెప్పాల్సిన మాట. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని బతికించుకోవడం దాదాపు అసాధ్యం, ఇక్కడ పొరపాటుకి చోటు లేదు.

ఇక కుక్కని పంపేయమన్న సలహా. దయచేసి ఆ పని చేయకండి. కరిచిన కుక్కని పది రోజులు కళ్ళముందు ఉంచుకుని గమనించడం వైద్యంలో భాగం. కరిచేనాటికే దాని లాలాజలంలో రేబీస్ వైరస్ ఉండి ఉంటే ఈ పది రోజుల్లో జబ్బు బయటపడుతుంది. పదో రోజుకి కుక్క ఆరోగ్యంగా ఉంటే ఆ అబ్బాయికి మిగిలిన డోసులు కొనసాగించాలా వద్దా అని డాక్టరు నిర్ణయించగలడు. కుక్కని మాయం చేస్తే అతనికి ఆ ఆధారం పోతుంది, మీకేమో సాక్ష్యం దాచారన్న పేరు వస్తుంది. నేను చూసిన ఒక కేసులో గాయం చాలా చిన్నది, మాట్లాడుకుంటే వారంలో తెగిపోయేది. కానీ యజమాని కుక్కని దాచి, ‘మాకు అసలు కుక్కే లేదు’ అన్నాడు. ఆ ఒక్క అబద్ధంతో ఎదుటివాళ్ళు ఎంత పట్టుదలగా తిరిగారంటే రాజీకి రావడానికి మూడేళ్ళు పట్టింది.

సరే, చట్టం. ఇందులో రెండు దారులున్నాయి, వాటిని కలిపి టెన్షన్ పడొద్దు. ఒకటి పరిహారం, అంటే గాయపడిన మనిషికి అయిన నష్టం మీరు కట్టివ్వడం. రెండోది నేరం, అంటే ప్రభుత్వం మీమీద కేసు నడపడం. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉండాలని లేదు. ఎక్కువ కేసులు మొదటిదానితోనే ముగుస్తాయి.

పరిహారం విషయంలో దేశాలు రెండు రకాలు. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు కాబట్టి రెండూ చెబుతాను. మొదటి రకంలో యజమాని తప్పు ఉందా లేదా అని చూడరు. కుక్క మీది, అది కరిచింది, మీరు కట్టాలి, అంతే. జర్మనీ సివిల్ కోడ్ 833వ సెక్షన్ అలాంటిది. అక్కడ గొర్రెల్ని కాసే కుక్కలా యజమాని బతుకుతెరువుకి పనికొచ్చేదైతే, ‘నేను తగినంత జాగ్రత్త తీసుకున్నాను’ అని నిరూపించుకుని బయటపడే వీలుంది, ముచ్చటకి పెంచుకునే కుక్కకి ఆ వీలు లేదు. ఫ్రాన్స్‌లో 1804 నాటి సివిల్ కోడ్‌లో రాసుకున్న నియమమే, అంకె మారి 1243వ ఆర్టికల్‌గా, ఇప్పటికీ నడుస్తోంది. జంతువు మీ దగ్గరున్నా, తప్పిపోయినా, పారిపోయినా అది చేసిన నష్టం మీదే. అమెరికాలో రాష్ట్రానికో చట్టం. కాలిఫోర్నియా సివిల్ కోడ్ 3342 అయితే ఇంకా సూటిగా, కుక్కకి ఇంతకు ముందు కరిచే అలవాటు ఉందా, ఆ సంగతి యజమానికి తెలుసా అన్నదానితో పని లేదని చట్టంలోనే రాసేసింది. అక్కడ చర్మం తెగకపోయినా, పంటితో పట్టుకుంటే చాలు, కాటు కిందే లెక్క.

రెండో రకంలో, ‘ఈ కుక్క ప్రమాదకరమని యజమానికి ముందే తెలుసు’ అని గాయపడిన మనిషి చూపించాలి. ఇది ఇంగ్లిష్ కోర్టుల పాత సంప్రదాయం నుంచి వచ్చింది. టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో ఇప్పటికీ ఉంది. ‘మొదటి కాటు ఉచితం’ అని జనం అనుకునేది దీని గురించే. ఆ నమ్మకం తప్పు, దానివల్ల చాలామంది మునిగారు. తెలియడం అంటే గతంలో కరవడం ఒక్కటే కాదు. గేటు మీదకి ఎగబడేది, వచ్చినవాళ్ళ మీద పళ్ళు చూపించేది, ఒకసారి పక్కింటాయన లుంగీ పట్టుకుని లాగింది, కొత్తవాళ్ళొస్తే మీరే గొలుసు వేసేవాళ్ళు... ఇవన్నీ తెలుసని చెప్పే సాక్ష్యాలే. పైగా కుక్క స్వభావం తెలియదని తేలినా కథ అయిపోదు, మామూలు నిర్లక్ష్యం కింద దావా వేయొచ్చు: గేటుకి గడియ సరిగా లేదు, గొలుసు లేదు, చిన్నపిల్లాడికి అప్పగించారు అని. భారతదేశంలో పెంపుడు కుక్క కాటుకి పరిహారం ఇంత అని విడిగా చెప్పే చట్టం లేదు, సివిల్ దావాలు ఈ నిర్లక్ష్యం మీదే నడుస్తాయి.

‘ముందు కరవలేదు’ అనే వాదన ఎంత బలహీనపడిందో న్యూయార్క్‌ని చూస్తే తెలుస్తుంది. అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2006లో, ఒక పాడిపశువుల కొట్టంలో పనికి వెళ్ళిన వడ్రంగిని ఎద్దు గాయపరిచిన కేసులో, పెంపుడు జంతువుల విషయంలో నిర్లక్ష్యం కింద దావా చెల్లదు, దాని దుడుకు స్వభావం యజమానికి తెలుసని చూపించాల్సిందే అంది. దాదాపు ఇరవై ఏళ్ళపాటు కాటు పడ్డవాళ్ళు ఆ తీర్పుకి తలకొట్టుకుని వెనక్కి వచ్చారు. 2025లో పార్సిల్ ఇవ్వడానికి వెళ్ళిన ఒక పోస్టల్ ఉద్యోగినిని కుక్క కరిచిన కేసు వచ్చింది, అచ్చం మీ కేసులాంటిదే. అదే కోర్టు తన పాత తీర్పుని పక్కనపెట్టి, నిర్లక్ష్యం కింద కూడా అడగొచ్చంది. ఈ మార్పు రావాల్సిందే అని నా అభిప్రాయం. ఇంటింటికీ తిరిగి బతికే మనిషికి ఏ గేటు వెనక ఏ కుక్క ఉందో, దాని చరిత్రేంటో ఎలా తెలుస్తుంది? తెలిసే అవకాశం ఉన్నది యజమానికే.

బోర్డు గురించి. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద కూరుకుపోయిన పాంపేయి నగరంలో ఒక ఇంటి గుమ్మంలో గొలుసుతో కట్టిన కుక్క బొమ్మ, కింద ‘కుక్క ఉంది జాగ్రత్త’ అని లాటిన్ మాట ఉన్నాయి. అంటే మీ గేటు బోర్డు చాలా పాతది. అయితే బోర్డు పెట్టిన రోమన్లకే, పెంపుడు జంతువు ఎవరికైనా హాని చేస్తే యజమాని నష్టం కట్టాలి, లేదా ఆ జంతువునే అప్పగించాలి అనే నియమం కూడా ఉండేది. బోర్డు పెట్టడం మంచిదే, తీసేయమనడం లేదు. కానీ అది రెండువైపులా పదునున్న కత్తి. ‘చూసి కూడా లోపలికి వచ్చాడు’ అని మీరంటారు, ‘ప్రమాదమని తెలిసే కదా బోర్డు పెట్టారు, తెలిసినప్పుడు గొలుసు ఎందుకు వేయలేదు’ అని వాళ్ళ లాయరు అంటాడు. మామూలు హెచ్చరిక బోర్డు ఉన్నంత మాత్రాన కుక్క దుడుకుదని ఒప్పుకున్నట్టేనని కోర్టులు అనుకోవు, కానీ బోర్డు చదవలేని పిల్లాడికో, గేటు దాటి రావడమే పని అయిన మనిషికో అది చూపించి తప్పించుకోలేరు.

అతను మన ఆవరణలోకి వచ్చాడు కదా అన్నది మీ ఇంకో ప్రశ్న. చట్టబద్ధంగా వచ్చాడా, చొరబడ్డాడా అన్నదే ఇక్కడ తేల్చాల్సింది. మీరు ఆర్డర్ పెట్టారు, అతను దాన్ని ఇవ్వడానికి వచ్చాడు. ఇలాంటివాళ్ళకి గుమ్మందాకా రావడానికి మాటల్లో చెప్పకపోయినా అనుమతి ఉన్నట్టే. పోస్టుమన్, మీటరు రీడింగు తీసేవాళ్ళు, తలుపు తట్టే ఇరుగుపొరుగు, అందరూ అంతే. మీ గేటుకి తాళం వేసి ఉండి, పార్సిల్ బయట పెట్టమని స్పష్టంగా రాసి ఉండి, అయినా గోడ దూకి వస్తే అది వేరే కథ. గడియ తీసుకుని వచ్చాడంటే మీ వాదనకి బలం లేదు. ఇంగ్లండులో 1971 నాటి జంతువుల చట్టం ప్రకారం కూడా, చొరబడినవాడిని కాపలా కుక్క కరిస్తే అలా కాపలాకి ఉంచడం సబబేనా అని చూస్తారు, అంటే దొంగ విషయంలో కూడా యజమానికి పూర్తి స్వేచ్ఛ ఇవ్వలేదు.

రెచ్చగొట్టడం అన్న వాదన నిజంగా పనిచేసేది. కర్రతో పొడిచినా, రాళ్ళేసినా, తింటున్నప్పుడు గిన్నె లాగినా యజమాని బాధ్యత తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా పోతుంది. చాలా దేశాల్లో కోర్టు ఇద్దరి తప్పునీ తూచి పరిహారంలో అంతమేర కోస్తుంది. కాకపోతే భయపడి కాలు వెనక్కి తీసుకోవడం, అరవడం, చేతిలో సంచి అడ్డుపెట్టుకోవడం రెచ్చగొట్టడం కాదు. మరీ ముఖ్యంగా చిన్నపిల్లల మీద ఈ వాదన తెచ్చే ముందు ఆగండి. అమెరికాలోని కనెటికట్ చట్టం ఏడేళ్ళలోపు పిల్లల్ని కుక్క కరిస్తే, ఆ పిల్ల దాన్ని ఏడిపించలేదనే ముందుగా అనుకోవాలంటుంది, కాదని నిరూపించే బాధ్యత యజమానిదే. వెంట్రుకలు పట్టి లాగిన రెండేళ్ళ పిల్లని తప్పుపట్టడానికి ప్రయత్నించిన యజమానిని నేను కోర్టులో చూశాను. ఆ ముక్క అన్నాక జడ్జిగారి ముఖమే మారిపోయింది. గాయం పసిపిల్ల చెంప మీద ఉంది.

ఇప్పుడు మీ బాబు సంగతి. ఇది మీరు చివర్లో ఒక వాక్యంలో రాశారు, నాకు అదే అన్నిటికంటే బరువైన విషయంగా కనిపించింది. చాలా చట్టాలు యజమానినే కాక, ఆ సమయంలో కుక్క ఎవరి చేతిలో ఉందో వాళ్ళనీ చూస్తాయి. డబ్బు తీసుకుని నడిపించడానికి తీసుకెళ్ళినవాళ్ళు, మీరు ఊళ్ళో లేనప్పుడు ఉంచుకునేవాళ్ళు, వీళ్ళ మీదా బాధ్యత పడొచ్చు. జర్మనీ కోడ్‌లో దానికి 834 అని వేరే సెక్షనే ఉంది. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళ మీద మామూలుగా పడదు, కుక్క ప్రమాదకరమని తెలిసి, దాన్ని పంపించే అధికారం ఉండి కూడా ఊరుకున్నారని తేలితే కొన్నిచోట్ల వాళ్ళనీ లాగుతారు. పిల్లల చేతిలో ఉంటే మాత్రం పెద్దవాళ్ళ వైపే చూస్తారు. ఇంగ్లండులో పైన చెప్పిన 1971 చట్టం, పదహారేళ్ళలోపు పిల్లలది అయిన కుక్కకి ఆ ఇంటి పెద్దే బాధ్యుడని నేరుగా రాసింది. అలా రాయని చోట కూడా, బలమైన కుక్కని పదమూడేళ్ళ పిల్లాడికి వదిలి వెళ్ళడమే మీ నిర్లక్ష్యానికి సాక్ష్యం అవుతుంది. దయచేసి బాబుని తిట్టకండి, అతని చేత ఎవరికీ వాంగ్మూలం రాయించకండి, ఎవరైనా అడగడానికి వస్తే మీరు పక్కన ఉండండి. ఇలాంటి పిల్లలు ‘నా వల్లే’ అని ఏళ్ళతరబడి మోస్తారు.

క్రిమినల్ కేసు విషయం. భారతదేశంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్, తన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్ర గాయానికో ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోనివాళ్ళకి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అంటుంది. పాత ఐపీసీ 289లో జరిమానా 1,000 దాకానే ఉండేది. బెయిల్ వచ్చే నేరమే. దీంతోపాటు నిర్లక్ష్యంతో ఇతరులకి గాయం అయ్యేలా చేయడం కింద 125వ సెక్షన్ కూడా పెడుతుంటారు, తీవ్ర గాయమైతే అందులో శిక్ష మూడేళ్ళ దాకా పోతుంది. ఇంగ్లండు, వేల్స్‌లలో ఇంకా గట్టిగా ఉంది. 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం కింద, అదుపు తప్పిన కుక్క గాయపరిస్తే ఐదేళ్ళ దాకా, మనిషి చనిపోతే 14 ఏళ్ళ దాకా జైలు ఉండొచ్చు. కరవక్కర్లేదు కూడా, కరుస్తుందేమో అని ఎదుటి మనిషి భయపడటానికి తగిన కారణం ఉంటే చాలు నేరమవుతుంది. అక్కడ 2014 మే 13 నుంచి సొంత ఆవరణలో జరిగినా ఇది వర్తిస్తుంది. చొరబాటుదారుడి విషయంలో మినహాయింపు ఉంది గానీ అది ఇంటి లోపలికే, పెరటికి కాదు.

అంత చదివి బెంబేలెత్తకండి. మొదటిసారి, చిన్న గాయం, వెంటనే సాయం చేసిన యజమాని అయితే చాలాచోట్ల హెచ్చరికతోనో జరిమానాతోనో పోతుంది. జైలు శిక్షలు పడేది ముందే ఫిర్యాదులు వచ్చినా పట్టించుకోనివాళ్ళకి, మనుషుల మీదకి ఉసిగొల్పినవాళ్ళకి, ప్రాణం పోయిన కేసుల్లో.

పరిహారం అంటే టీకా ఖర్చు ఒక్కటే అనుకోకండి. వైద్యం, మందులు, ఆస్పత్రికి తిరిగిన ఖర్చు, పనికి పోలేని రోజుల జీతం, నొప్పి, మచ్చ, కుక్కని చూస్తేనే వణుకు పుట్టే స్థితి, అవసరమైతే దానికి కౌన్సెలింగ్... అన్నీ లెక్కలోకి వస్తాయి. రోజుకూలీ మీదో డెలివరీల లెక్క మీదో బతికే అబ్బాయికి రెండు వారాలు కాలు కదపలేకపోతే ఇల్లు గడవదు. మీరు మొదట ఆలోచించాల్సింది ఆ జీతం గురించే, అడగకుండానే.

ఇల్లు లేదా వ్యక్తిగత బాధ్యత ఇన్సూరెన్స్ ఏదైనా ఉంటే పాలసీ తీసి చదవండి, కుక్క కాటు అందులో ఉండొచ్చు, కొన్ని పాలసీలు కొన్ని జాతుల్ని మినహాయిస్తాయి. జర్మనీలో బెర్లిన్‌లాంటి కొన్ని రాష్ట్రాల్లో కుక్కకి బాధ్యత ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఉంటే ఇవాళే కంపెనీకి తెలియజేయండి. ఆలస్యం చేస్తే క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది, వాళ్ళకి చెప్పకుండా మీరు కాగితం మీద తప్పు ఒప్పుకుని సంతకం పెట్టినా అంతే. అలాగని ఆ అబ్బాయితో మాట్లాడొద్దని అర్థం కాదు. ఎలా ఉందని అడగడం, ఆస్పత్రికి తీసుకెళ్ళడం, టీకా డబ్బు కట్టడం మనుషులుగా చేయాల్సినవి, వాటివల్ల కేసు చెడిపోయినట్టు నేనెప్పుడూ చూడలేదు. ఇచ్చిన ప్రతి పైసాకీ రసీదు ఉంచుకోండి. గేటు, గడియ, బోర్డు ఇవాళ ఎలా ఉన్నాయో అలాగే ఫొటోలు తీయండి, బాగుచేయడం ఆ తర్వాత. కెమెరా ఉంటే ఆ వీడియో మీకు వ్యతిరేకంగా ఉన్నా చెరిపేయకండి.

చివరికి ఒక మొత్తానికి ఒప్పుకుంటే, టీకాలన్నీ అయ్యి గాయం మానాకే రాసుకోండి, ఇద్దరూ సంతకం చేయండి, దేనికి ఎంత అన్నది అందులో ఉండాలి. తొందరపెట్టి మూడోరోజే సంతకం తీసుకుంటే ఆ కాగితం తర్వాత నిలబడకపోవచ్చు, అది న్యాయమూ కాదు. గాయపడింది మైనరు అయితే చాలాచోట్ల కోర్టు అనుమతి కూడా కావాలి. ఇంకొకటి, ‘క్రిమినల్ కేసు వెనక్కి తీసుకుంటేనే డబ్బిస్తాను’ అని మాత్రం బేరం పెట్టకండి, అది మరో చిక్కు తెస్తుంది.

ఇక ముందు ముందు సంగతి. ఈ రోజు నుంచి మీ కుక్క ‘ఇంతకు ముందు కరవని కుక్క’ కాదు. పైన చెప్పిన రెండో రకం దేశాల్లో కూడా ఆ రక్షణ ఇక మీకు లేదు. కాలిఫోర్నియాలో అయితే ఒకసారి కరిచాక మళ్ళీ ప్రమాదం లేకుండా తగిన చర్యలు తీసుకోవడం చట్టమే విధించిన బాధ్యత. రెండోసారి జరిగితే కుక్కని తీసేసుకోవచ్చు, కొన్నిచోట్ల దాన్ని చంపేయమని ఆదేశం కూడా రావచ్చు. కుక్క మీద నిజంగా ప్రేమ ఉంటే ఇక్కడే జాగ్రత్త పడాలి. గేటుకి లోపలనుంచి తాళం, బయట కాలింగ్ బెల్, పార్సిళ్ళకి గేటు బయటే ఒక పెట్టె. బయటికి తీసుకెళ్ళినప్పుడు గట్టి పట్టీ, మూతికి తొడుగు, పట్టుకునేది పెద్దవాళ్ళే. పశువైద్యుడికి ఒకసారి చూపించండి, ఎక్కడో నొప్పి ఉండి కరిచే కుక్కలు చాలానే ఉంటాయి. శిక్షకుడి దగ్గరికి తీసుకెళ్తే ఆ కాగితాలూ దాచండి.

ఏ దేశం, కుక్క జాతి, బరువు, ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్నవి రాస్తే ఇంకా నిర్దిష్టంగా చెబుతాను. ఈలోగా ఒక పని. మొన్న మొదటి డోసు పడి ఉంటే రేపటికి మూడో రోజు, ఆ అబ్బాయికి రెండో డోసు వేయాలి. పని మానుకుని వెళ్ళలేక వదిలేసేవాళ్ళని చాలామందిని చూశాను. ఇవాళ రాత్రే ఫోన్ చేసి, రేపు ఎన్నింటికి వెళ్దామో అడగండి.